పరమేశ్ ఇంజను

ముందే చెబుతున్నాను, నాకు కోపం ఎక్కువ. గొంతు అంతకన్నా ఎక్కువ. సూరత్ సాంచాల ఖాతాల్లో పనిచేసి పనిచేసి సగం చెవుడు వచ్చింది. ఖాతా అంటే మగ్గాల షెడ్డు, సాంచా అంటే కరెంటు మగ్గం. అది మొరాయిస్తే దారికి తెచ్చే జాపర్ని నేను. ఆ మోతలో పొద్దంతా అరిచి అరిచి, ఇంటికొచ్చాక ఉప్పు అందించమని అడిగినా తిట్టినట్టే ఉంటుంది. లింబాయత్‌లో మా గల్లీ మొదట్లో నిలబడి రాజనర్సు ఇల్లెక్కడ అని అడిగితే, అరుపులు ఎటునుంచి వస్తే అటు పొమ్మంటారు. నా భార్య విజయరాణి కూడా తక్కువేం తినలేదు. మేమిద్దరం పోట్లాడుకుంటే పైన రేకులు లేచిపోతాయని మా కొడుకు నవ్వేవాడు.

ఆ కొడుకు పరమేశ్ ఇప్పుడు లేడు. వాడి ఇంజను ఉంది. ఈ గొడవంతా ఆ ఇంజను గురించే.

పరమేశ్ సూరత్ పక్కనున్న సచిన్‌లో బట్టలకు రంగు వేసే ఒక మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. అక్కడ అందరూ ఆ వేడిని తిట్టుకుంటూ పనిచేస్తారు. వీడు మాత్రం ఆవిరిని ప్రేమించాడు, ఇంకో మాట నాకు దొరకడం లేదు. నీళ్ళు కాగితే ఆవిరొస్తుంది, అందులో వింతేముందిరా అంటే నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసేవాడు. ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో ఇంట్లో కూర్చుని చిన్న చిన్న ఆవిరి ఇంజన్లు చేసుకుంటుంటే ఆ వీడియోలు ఫోన్లో చూసి చూసి, ఒకరోజు తానూ ఒక కిట్టు తెప్పించాడు. పెట్టె విప్పితే ఇత్తడి ముక్కలు, మరలు, బొమ్మ గీసిన కాగితం. ఆ బొమ్మ చూసుకుంటూ మనమే అరగదీసి, రంధ్రాలు సరిచేసి, బిగించుకోవాలట. మిల్లులో పని చాలలేదా, ఇంకా పని కొని తెచ్చుకున్నావా అని నేను అరిచాను. ఇది అన్నం వండుతుందా, బట్ట నేస్తుందా అని వాళ్ళమ్మ దెప్పింది. వాడు పట్టించుకుంటే కదా.

మేడ మీద రేకుల గదిలో పాత బీములు, విరిగిన సాంచా సామాను పడి ఉండేవి. వాడు అవన్నీ తీయించి, సున్నం కొట్టించి, ఒక బల్ల వేసి, దానికి వైసు బిగించి, ఆకురాళ్ళు గోడకు వరుసగా వేలాడదీశాడు. మిల్లు నుంచి రాగానే ముఖం కూడా కడగకుండా అక్కడికే. అన్నానికి రమ్మని కింద నుంచి వాళ్ళమ్మ పిలుస్తూనే ఉండేది, ఒక్క నిమిషం అంటూ వాడు పైనుంచి జవాబిస్తూనే ఉండేవాడు. చివరికి ఆమే పళ్ళెం పట్టుకుని మెట్లెక్కేది, నాలుగు తిట్టి ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. అంత పెద్దవాడు, చేతికి నూనె అంటిందని చెప్పి హాయిగా నోరు తెరిచేవాడు.

మొదటి ఇంజను సిలిండరు బొటనవేలంత ఉండేది. అది తిరిగిన రోజు దాన్ని పళ్ళెంలో పెట్టుకుని గల్లీలో ఇంటింటికీ వెళ్ళి చూపించాడు. దెప్పిన ఆ తల్లే ఉప్పు, ఎండుమిరపకాయలు తీసి వాడికీ ఇంజనుకూ కలిపి దిష్టి తీసింది. ఆ ఊపులోనే పెద్ద కిట్టు తెప్పించాడు. దీని సిలిండరు అడ్డంగా పడుకుని ఉంటుంది, చక్రం అరచేతి కన్నా పెద్దది, పక్కనే పొట్టి బాయిలరు. మిల్లులో ఉన్నదానికి ఇది తమ్ముడు బాపూ అని నాకు చూపించాడు. సగం బిగించాడు.

అక్కడే ఆగిపోయింది. డ్యూటీ దిగి బండి మీద ఇంటికి వస్తుంటే లారీ కొట్టింది. ఒక్కగానొక్క కొడుకు. ఇంతకు మించి ఆ రోజు గురించి చెప్పమంటే నా వల్ల కాదు, నన్ను అడగొద్దు.

మాది సిరిసిల్ల వైపు. మా దగ్గర పోయిన మనిషి కోసం పిట్టకు పెడతారు. ఆ మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముడితే పోయినవాడు తృప్తిగా ఉన్నట్టు. ముట్టకపోతే వాడి మనసులో ఏదో కోరిక మిగిలి ఉన్నట్టు. అప్పుడు అయినవాళ్ళు ఒక్కొక్కరే ముందుకు వచ్చి, నీ కోరిక ఇదేనా, నేను తీరుస్తాను, తిను అని మాటిస్తారు. ఏ మాటకు కాకి దిగితే ఆ మాట ఇచ్చినవాడు ఏడాది తిరిగేలోగా దాన్ని నిలబెట్టుకోవాలి. తప్పితే పోయినవాడు ఎటూ పోలేక తిరుగుతూ ఉంటాడని అంటారు. సూరత్ వచ్చి మేం చాలా వదిలేశాం గానీ దీన్ని వదల్లేదు.

తాపీ నది ఒడ్డున పెట్టాం. బగారన్నం, కోడికూర, వాడు సెలవు రోజున పొద్దున్నే పోయి తినే శనగపిండి లోచో, ఒక కూల్‌డ్రింకు. కాకులు వచ్చాయి. కరెంటు తీగ మీద కూర్చుని మమ్మల్ని చూశాయి తప్ప ఒక్కటి దిగలేదు. విజయరాణి అన్న నర్సింగం, మా బావ, ఇలాంటి కార్యాలన్నిటికీ ముందుండే మనిషి. నీ అవ్వనూ బాపునూ నేను చూసుకుంటాను బిడ్డా అని ఆయన మాటిచ్చాడు. కాకి కదల్లేదు. మిల్లు దోస్తులు వాడి పేరు మీద క్రికెట్ పోటీ పెడతామన్నారు. కదల్లేదు. విజయరాణి కొంగు నోట్లో కుక్కుకుని ఇసుకలో కూలబడింది. ఎండ నెత్తికెక్కింది. అన్నం మీద ఈగలు ముసురుతున్నాయి. నాకు ఆ కాకుల మీద పిచ్చికోపం వచ్చింది. ముందుకు పోయి, ఖాతాలో అరిచినట్టు అరిచాను.

"ఆ ఇంజన్ నేను పూర్తి జేస్త రా. తిప్పి సూపెడ్త. తిను కొడుకా, జర తిను."

కాకి దిగింది. దిగి, అన్నం వదిలేసి లోచో ముట్టింది. అందరూ చేతులు జోడించారు. నేను అక్కడే మట్టిలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

మాట ఇవ్వడం తేలికే. సాంచాలు బాగుచేసే నాకు ఈ బొమ్మ ఇంజను ఒక లెక్కా అనుకున్నాను. తీరా కూర్చుంటే నా గర్వమంతా దిగిపోయింది. సాంచాకు సుత్తితో ఒకటి వేస్తే మాట వింటుంది. ఇది వెంట్రుకవాసి తేడా ఉన్నా కదలనంటుంది. నా వేళ్ళేమో మొద్దు వేళ్ళు. మరలు జారి కింద పడటం, నేను బల్ల కింద దూరి వాటి పుట్టుక దగ్గర్నుంచి తిట్టడం, ఇదే పని. ఆ తిట్లు వినలేక ఒకరోజు విజయరాణి పైకి వచ్చింది. ఏళ్ళ తరబడి కండెలు చుట్టిన చేతులు ఆమెవి, కంటికి కనబడని పోగును కూడా పట్టుకుంటాయి. నా చేతిలోని మర లాక్కుని, గింజ తీసినంత సులువుగా దాని చోట పెట్టేసింది.

అప్పటి నుంచి ఇద్దరం కలిసే చేశాం. చిన్న మరలు ఆమె పట్టేది, నేను బిగించేవాణ్ణి. ఆ గదిలో ఉన్నంతసేపూ మా నోళ్ళు ఊరుకునేవి కావు. అది కాదు ఈ ముక్క అని నేను, నీ కళ్ళకు పొరలు కమ్మినయి అని ఆమె. వాడు పోయినప్పటి నుంచి కింద ఇంట్లో ఇద్దరం ఎదురుపడితే నేల చూపులు చూసేవాళ్ళం, అన్నం కూడా గొంతు దిగేది కాదు. పైన మాత్రం పాత రోజుల్లోలా పోట్లాడుకునేవాళ్ళం. అందుకే ఇద్దరికీ ఆ గది బాగుండేది.

పిస్టను కడ్డీ సిలిండరులోంచి బయటికి వచ్చేచోట ఆవిరి పోకుండా దారం చుట్టి కూరాలి. నేసేవాళ్ళింట్లో దారానికి కొదవా? నా చొక్కా జేబులో ఎప్పుడూ ఖాతా దారం ముక్క ఉంటుంది. అదే తీసి గట్టిగా చుట్టాను. బాయిలరు వెలిగించి ఆవిరి పెట్టి చూస్తే బుస్సుమని అక్కడి నుంచే తన్నుకొచ్చింది. మళ్ళీ చుట్టాను, మళ్ళీ బుస్సు. విప్పి చూస్తే దారం ముడుచుకుపోయి పుల్లలా గట్టిపడి ఉంది. సూరత్‌లో దారమంటే పాలిస్టరే. అది వేడికి ముడుచుకుంటుందని నేసే ప్రతి మనిషికీ తెలుసు, నాకు తెలియదా? అయినా చేయి అలవాటుగా జేబులోకే పోయింది. నేను కిట్టు చేసినవాణ్ణి తిడుతూ కూర్చుంటే, విజయరాణి కిందికి పోయి దేవుడి దగ్గరి పత్తి వత్తులు గుప్పెడు తెచ్చి బల్ల మీద పడేసింది.

నేసేటోళ్ళు ఇద్దరు కూసుండి దారం గుర్తుపట్టలేదని పోరడు నవ్వుతుండొచ్చు అంది. అని తానే నవ్వింది. వాడు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక ఇద్దరం ముఖాలు పక్కకు తిప్పుకున్నాం. వత్తులు చుట్టాక ఆవిరి ఎటూ పోలేదు.

ఇక ఒకటి రెండు ముక్కలే మిగిలాయనగా నర్సింగం బావ వచ్చాడు. పైకి తీసుకుపోయి చూపించాను. ఆయన చక్రం మీద చేయి వేసి, చెల్లెల్ని ఓదార్చాలనే మంచి మనసుతోనే ఒక మాట అన్నాడు. ఇది తిరిగిన రోజుతో పిల్లవాడి కోరిక తీరిపోతుంది, ఇక వెనక్కి తిరిగి చూడడు, ఈ ఇంటి బంధం తెంచుకుని నిమ్మళంగా పోతాడు అన్నాడు. నేను తల ఊపాను. విజయరాణి చాయ గ్లాసులు తీసుకుని కిందికి పోయింది. నాకేమీ అనుమానం రాలేదు.

మర్నాటి నుంచి క్రాంకు పిన్ను కనబడలేదు. పిస్టను కడ్డీ ముందుకూ వెనక్కూ ఆడితే, ఆ ఆటను చక్రానికి అందించేది ఆ పిన్నే. అగ్గిపుల్లలో సగం పొడవు, పెసరగింజంత తల, చివర సన్నని రంధ్రం. ఆ రంధ్రంలో తీగ దూర్చి మడిస్తే ఊడిపోకుండా ఉంటుంది. అది లేకపోతే కడ్డీ ఎంత ఆడినా చక్రం కదలదు. గదంతా ఊడ్చి వెతికాం. విజయరాణి కూడా ఫోను లైటు వేసుకుని బల్ల కింద పాకుతూ వెతికింది. పెట్టెలోనే వేసి ఉండరని కిట్టు కంపెనీకి ఫోన్ చేశాను. వాళ్ళు హిందీలో చాలా మెత్తగా మాట్లాడారు. నేను మెత్తగా మాట్లాడలేదు.

గల్లీ చివర లేతు షాపులో అలాంటిదే ఇంకోటి ఇత్తడిలో తీయించాను. తెచ్చి, బల్ల మీద మరలు వేసే గిన్నెలో వేసి అన్నానికి దిగాను. సాయంత్రం చూస్తే గిన్నె ఖాళీ. ఎలుకలనుకున్నాను, బోను పెట్టాను. మూడోది చేయించి ఈసారి గిన్నెలో వేయకుండా నేరుగా ఇంజనుకే బిగించాను. తీగ దూర్చి మడిచాను. ఖాతాకు పోయి వచ్చి చూస్తే అదీ లేదు. తీగను శుభ్రంగా విప్పి పక్కన పెట్టి మరీ తీసుకుపోయారు. ఎలుకకు అంత ఓపిక ఎక్కడిది? పక్కింటి పిల్లలను అరిచాను, వాళ్ళమ్మతో తగువు పడ్డాను. ఏడాది కార్యం దగ్గర పడుతోంది. అయినా, నాతోపాటు బల్ల కింద పాకుతున్న మనిషిని అనుమానించాలని నా బుర్రకు తట్టలేదు.

సెలవు రోజు మధ్యాహ్నం, అన్నం వడ్డిస్తూ విజయరాణి ముందుకు వంగింది. మెడలోని తాడు రవికె బయటికి జారింది. మా ఆడవాళ్ళు పుస్తెలతాడుకు పిన్నీసులు తగిలించుకుంటారు. పని మధ్యలో చీరకో, ముల్లు తీయడానికో చేతికి అందుతాయని. ఆ తెల్ల పిన్నీసుల మధ్య ఏదో పచ్చగా మెరిసింది. ఒక పిన్నీసుకు గుచ్చి, వరుసగా మూడు క్రాంకు పిన్నులు. నా కళ్ళ ముందే, నాకు అన్నం పెట్టినప్పుడల్లా, అవి ఆ రవికె చాటునే ఊగుతున్నాయి.

ఒళ్ళు భగ్గుమంది. పళ్ళెం తోసేసి లేచాను. ఆ అరుపులకు గల్లీలో వాళ్ళు కిటికీలు తెరిచారు. ఇన్నాళ్ళూ నన్ను వెర్రివాణ్ణి చేశావు, వాడు కోరిక తీరక గాలిలో తిరుగుతున్నాడు, తల్లివేనా నువ్వు అన్నాను. మామూలుగా అయితే నా ఒక మాటకు ఆమెవి పది వచ్చి పడేవి. ఆ రోజు ఒక్కటీ రాలేదు. పుస్తెలు, పిన్నీసులు అన్నీ కలిపి గుప్పిట్లో పట్టుకుని గోడకు ఆనుకుంది.

"నన్ను ఎంతన్న తిట్టు. గిది మాత్రం ముట్టకు," అంది మెల్లగా. "తిరుగుతుండని అంటున్నవ్ గదా, యాడ తిరుగుతుండు? మన సుట్టే గదా. రోజు కిటికీల ముద్ద పెడుతున్న, తింటుండు. ఆకలి లేదు వానికి. ఆ సక్రం తిరిగిందంటే ఇగ రాడు. అన్న చెప్పంగ నువ్వు గూడ విన్నవ్. విన్నంక నా చేతులతోని నేనెట్ల బిగియ్యాలె?"

నేను కిటికీ వైపు తిరిగాను. వంటింటి కిటికీలో స్టీలు మూత ఒకటి ఉంది. దాని మీద కోడికూర కలిపిన ముద్ద, సగం తిని ఉంది. నేను దాన్ని రోజూ చూస్తూనే ఉన్నాను, ఉడతకు పెడుతోందనుకున్నాను.

అయినా మాట మాటే. నా మాట నమ్మి వాడు విస్తరి ముట్టాడు. పోయిన కొడుకును మోసం చేయమంటావా అని అడిగాను. మాటిచ్చింది నువ్వు, నేను కాదు అంది. ఆ తర్వాత మా ఇంట్లో మాటలు ఆగిపోయాయి. అరుపులు వినబడకపోయేసరికి గల్లీలో వాళ్ళకు భయం వేసి, ఒంట్లో బాగుందా రాజనర్సూ అని అడగడం మొదలుపెట్టారు. నాలుగో పిన్ను చేయిద్దామని లేతు షాపు దాకా పోయాను. పోయి, షాపు ముందు కాసేపు నిలబడి తిరిగొచ్చాను. ఆమెకు తెలియకుండా తిప్పితే తల్లి కళ్ళుగప్పి కొడుకును ఇంట్లోంచి పంపేసినట్టే. అది నా చేత కాలేదు. తిప్పకపోతే వాడి గతి ఏమిటో అని ఇంకోవైపు గుబులు. ఎటూ తోచక పైన ఆ గదిలో కూర్చుని ఇంజనుకు ఊరికే నూనె పెట్టేవాణ్ణి, తుడిచేవాణ్ణి, మళ్ళీ నూనె పెట్టేవాణ్ణి.

కార్యానికి సామాన్లు తేవాలని విజయరాణి బజారుకు పోయింది. తిరిగొచ్చి ఇంట్లోకి రాకుండా నేరుగా మేడ మెట్లెక్కి, రేకుల గది గుమ్మం దగ్గర కూర్చుంది. చెప్పులు కూడా విప్పలేదు. చేతిలో సంచి అలాగే ఉంది. సంచి పట్టీ సవరించుకుంది. తర్వాత నన్ను చూడకుండానే చెప్పింది. షేరింగు ఆటోలో కూర్చుందట. సవారీలు నిండితే గాని కదలనని ఆటోవాడు బీడీ ముట్టించాడట. పక్కన మన పరమేశ్ ఈడు పిల్లవాడొకడు కూర్చుని, అటు చూసి ఇటు చూసి, విసుక్కుని, దిగి నడుచుకుంటూ పోయాడట. వాడు గుంపులో కలిసిపోయేదాకా ఆమె చూస్తూనే ఉందట.

"మనోడు గూడ గంతే గదా," అంది. "ఎన్నడన్న ఆటో నిండేదాక ఆగిండా?"

ఆగలేదు. వాడు దేనికీ ఆగే రకం కాదు. పెళ్ళి భోజనాల్లో వరుస కోసం ఆగమంటే ఆకలి చచ్చిపోయిందని ఇంటికి వచ్చేసేవాడు. ఎండలో ఉధ్నా నుంచి లింబాయత్ దాకా నడిచి వచ్చి, ఆటో కన్నా ముందు చేరానని గొప్పలు పోయేవాడు. ఆగలేదు అని నేను తల ఊపాను.

"గసొంటోన్ని కూసుండవెట్టిన నేను. ఎటు పోనియ్యకుండ కూసుండవెట్టిన. వానికెంత యాష్టకొచ్చిందో." ఆమె సంచిని ఒళ్ళోకి లాక్కుంది. "అవ్వ బాధ పడుతదని ఓపిక వట్టుకొని కూసున్నడు బిడ్డ."

తాడు బయటికి తీసి, పిన్నీసు విప్పి, ఒక పిన్ను నా అరచేతిలో పెట్టింది. మిగతా రెండూ తాడుకే ఉంచుకుంది.

వెంటనే చేద్దాం, మళ్ళీ మనసు మారితే కష్టం అంది. కిందికి పోయి ముఖం కడుక్కుని, మంచి చీర కట్టుకుని వచ్చింది. నేను బాయిలరులో నీళ్ళు పోశాను. నా మొద్దు వేళ్ళకు పిన్ను రంధ్రంలోకి దూరలేదు. ఆమె తీసుకుని దూర్చింది, తీగ కూడా ఆమే మడిచింది. స్పిరిటు దీపం బాయిలరు కిందికి జరిపి నేను అగ్గిపెట్టె తీశాను. పుల్ల గీయలేకపోయాను. ఆమె నా చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుని, ఇంట్లో పొయ్యి వెలిగించినట్టు వెలిగించింది.

బాయిలరు మొదట చిన్నగా టిక్కుమంది, తర్వాత మూలిగింది. నేను ఆవిరి మర తిప్పాను. సిలిండరు లోపలి తడిని ఉమ్మినట్టు రెండు చుక్కలు బల్ల మీద పడ్డాయి. చక్రాన్ని వేలితో తోశాను. ఒక చుట్టు తిరిగి ఆగింది. మళ్ళీ తోశాను. ఈసారి అందుకుంది. కడ్డీ ముందుకూ వెనక్కూ ఆడింది, పిన్ను దాని పనిలో పడింది, చక్రం మీద వెలుగు గిర్రున తిరిగింది. నా చెవులకు ఆ చప్పుడు అందలేదు. బల్ల మీద వేళ్ళు ఆనిస్తే అందింది, చిన్న ప్రాణి ఏదో గబగబా ఊపిరి తీసుకుంటున్నట్టు. ఎంత బాగా తిరిగిందో చెప్పలేను. ఎక్కడా తడబాటు లేదు. వాడు చూసి ఉంటే గల్లీ అంతా దండోరా వేసేవాడు. చూస్తున్నాడు కదా అనుకున్నాను, అనుకోగానే, ఇక పోతాడు కదా అని తోచింది.

ఎప్పుడు లేచానో, ఎప్పుడు గుమ్మం దగ్గరికి పోయానో నాకు తెలియదు. ఆవిరికి, స్పిరిటు వాసనకు ఊపిరాడక లేచాననుకున్నాను. గదికి ఉన్నది ఆ ఒక్క తలుపే. తిరిగి చూస్తే విజయరాణి బల్ల దగ్గర్నుంచి లేచి గోడవారకు జరిగి నిలబడి ఉంది. ఇరుకు గల్లీలో ఎవరైనా ఎదురొస్తే దారి ఇచ్చినట్టు, చీర కుచ్చిళ్ళు దగ్గరికి తీసుకుని పట్టుకుంది. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి గానీ ముఖం నిమ్మళంగా ఉంది. నా వైపు చూసింది.

"జర పక్కకు జరుగు," అంది. "పిల్లగాడు పోవాలె."

నాకు వినబడలేదనుకుందేమో, ఇంకాస్త గట్టిగా మళ్ళీ చెప్పింది. వినబడింది. ఇది తిరగాలని ఏడాదంతా గొంతు చించుకున్నవాణ్ణి నేను. కంపెనీవాణ్ణి తిట్టాను, పక్కింటివాళ్ళతో తగువు పడ్డాను, కన్నతల్లిని పట్టుకుని తల్లివేనా అన్నాను. జరగాలి. జరగాలనే అనుకున్నాను. నా చేతులు రెండూ గుమ్మాన్ని ఆ పక్కా ఈ పక్కా గట్టిగా పట్టుకుని ఉన్నాయి. బాయిలరులో నీళ్ళు తగ్గిపోతున్నాయి, చక్రం మెల్లమెల్లగా తిరుగుతోంది.

"జరుగయ్యా," అంది మూడోసారి, నన్ను బతిమాలుతున్నట్టు.

ఇంజను ఆగేదాకా నేను ఆ గుమ్మంలోంచి జరగలేదు.